కోడింగా, ఏఆర్ కాలింగా, ఇన్సూరెన్స్ డెస్కా: ఏది నేర్చుకోవాలి?

బీఫార్మసీనో, బీఎస్సీనో, నర్సింగో, ఫిజియోథెరపీనో పూర్తి చేసిన పిల్లలున్న ఇంట్లో ఈ మధ్య తప్పకుండా వచ్చే మాట మెడికల్ కోడింగ్. అమీర్‌పేట సందుల్లో ఆ బోర్డులు చూడనివాళ్లు ఉండరు. ఫీజు కట్టేముందు అందరూ అడిగేది జీతం ఎంత, ఉద్యోగం ఎన్నాళ్లలో అని. నేనైతే ముందు ఇంకో విషయం అడుగుతాను. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు ఏ పని మీద కూర్చోగలవు? కోర్సు పేరు ఒకటే అయినా దాని వెనక మూడు వేర్వేరు ఉద్యోగాలున్నాయి. ఒకటి కోడింగ్, పూర్తిగా చదివే పని. ఇంకొకటి ఏఆర్ (అకౌంట్స్ రిసీవబుల్, అంటే రావాల్సిన బాకీలు) కాలింగ్, ఫోన్‌లో మాట్లాడి రాని డబ్బు రాబట్టే పని. మూడోది ఇన్సూరెన్స్ డెస్క్, మన ఊరి ఆస్పత్రిలో పేషెంటు బంధువుల ఎదురుగా కూర్చుని చేసే పని. స్వభావానికి సరిపడనిది ఎంచుకుంటే చేతిలో సర్టిఫికెట్ ఉన్నా ఏడాది తిరక్కుండానే మానేసే ప్రమాదం ఉంది.

మొదటి రెండూ అమెరికా డాక్టర్ల ఆఫీసుల కోసం ఇక్కడ కూర్చుని చేసేవి. అందుకే అక్కడ డబ్బు ఎలా నడుస్తుందో ముందు తెలియాలి. పేషెంటు రాగానే ఫ్రంట్ డెస్క్‌లో ఇన్సూరెన్స్ చెల్లుబాటులో ఉందో లేదో చూస్తారు. డాక్టర్ చూసి నోట్ రాస్తారు. ఆ నోట్ చదివి జబ్బుకు ఐసీడీ-10-సీఎం కోడ్, చేసిన పనికి సీపీటీ కోడ్, కొన్ని మందులకూ పరికరాలకూ హెచ్‌సీపీసీఎస్ కోడ్ ఇచ్చేవాళ్లు కోడర్లు. ఆ కోడ్లు సీఎంఎస్-1500 అనే ఫారంలోకి ఎక్కుతాయి. కాగితం మీద కాకుండా ఎక్కువగా కంప్యూటర్‌లోనే, క్లియరింగ్ హౌస్ (బిల్లులు సరిచూసి పంపే మధ్యవర్తి సంస్థ) మీదుగా ఇన్సూరెన్స్ కంపెనీకి వెళ్తాయి. డబ్బు వస్తే పోస్టింగ్ చేసి (జమ రాసి) ఖాతా మూసేస్తారు. రాకపోతే డినయల్, అంటే తిరస్కరణ. అక్కడి నుంచి ఏఆర్ వాళ్ల పని మొదలవుతుంది.

కోడింగ్: చదివే ఓపిక ఉన్నవాళ్లకు

ఇది నిజంగా ఎలా ఉంటుందో ఒక చార్ట్ పట్టుకుని చూద్దాం. పాత పేషెంటు, 58 ఏళ్లు. టైప్ 2 షుగర్, బీపీ, మూడో దశ కిడ్నీ జబ్బు. అన్నీ నిలకడగా ఉన్నాయి, అవే మందులు కొనసాగించమని డాక్టర్ రాశారు. కొత్తగా నేర్చుకున్నవాళ్లు చకచకా మూడు కోడ్లు వేసేస్తారు: షుగర్‌కు ఈ11.9, బీపీకి ఐ10, కిడ్నీకి ఎన్18.30. విడివిడిగా చూస్తే తప్పనిపించదు. కానీ గైడ్‌లైన్స్ ప్రకారం షుగర్‌తో పాటు కిడ్నీ జబ్బు ఉంటే, బీపీతో పాటు కిడ్నీ జబ్బు ఉంటే, సంబంధం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తే తప్ప ఉన్నట్టే తీసుకోవాలి. అంటే రావాల్సినవి ఈ11.22 (షుగర్‌తో కిడ్నీ జబ్బు), ఐ12.9 (బీపీతో కిడ్నీ జబ్బు), దశ చెప్పడానికి ఎన్18.30. ఐ10 అక్కడ ఉండనే కూడదు. ఒక్కో మాటకు ఇలా పుస్తకంలోకి వెళ్లి, ఇండెక్స్ చూసి, టాబ్యులర్‌లో (కోడ్ల వరుస జాబితాలో) సరిచూసుకుని రావాలి.

అదే నోట్‌కు విజిట్ కోడ్ కూడా ఇవ్వాలి. పాత పేషెంట్లకు ఆఫీసు విజిట్ కోడ్లు 99211 నుంచి 99215 వరకు. 2021 నుంచి ఈ విజిట్ల స్థాయిని డాక్టర్ ఎంత ఆలోచించి నిర్ణయం తీసుకోవాల్సి వచ్చిందన్న దాన్నిబట్టి గానీ, ఆ రోజు ఆ పేషెంటు మీద వెచ్చించిన మొత్తం సమయాన్నిబట్టి గానీ ఎంచుతున్నారు. నిలకడగా ఉన్న రెండు దీర్ఘకాలిక జబ్బులు చూసి, వాటికి ప్రిస్క్రిప్షన్ మందుల విషయం తేల్చితే 99214 స్థాయికి వస్తుంది. నోట్‌లో షుగర్ గురించి మాత్రమే రాసి బీపీని ముట్టుకోకపోతే, మందు రాసినా 99213 దగ్గరే ఆగుతుంది. డాక్టర్ బీపీ చూసే ఉంటారులే అని కోడర్ అనుకోవడానికి వీల్లేదు. రాయనిది జరగనట్టే. ఈ క్రమశిక్షణ ఒంటబట్టడానికే కోడింగ్‌లో ఎక్కువ కాలం పడుతుంది. కోడ్లు గుర్తుపెట్టుకోవడానికి కాదు. వాటి కోసం పుస్తకం ఉండనే ఉంది.

మన పిల్లలు బాగా తడబడే చోటు ఇంకొకటి. డాక్టర్ 'ఛాతీ నొప్పి, గుండెపోటు అనుమానం' అని రాస్తే ఏ కోడ్ వేయాలి? ఆఫీసు విజిట్ అయితే అనుమానానికి కోడ్ ఇవ్వకూడదు, ఛాతీ నొప్పికే ఇవ్వాలి. అదే పేషెంటు ఆస్పత్రిలో చేరి, డిశ్చార్జ్ రోజుకు కూడా డాక్టర్ 'బహుశా ఫలానా జబ్బు' అని రాస్తే, ఆస్పత్రి బిల్లులో అది ఉన్నట్టే కోడ్ చేస్తారు. లేని గుండెపోటు ఒక మనిషి రికార్డులోకి ఎక్కితే దాన్ని తీయించడం ఎంత కష్టమో ఆలోచిస్తే, ఈ నియమాన్ని బట్టీ పట్టకుండా అర్థం చేసుకుని పెట్టుకుంటారు.

కంపెనీలో చేరాక రోజుకు ఇన్ని చార్ట్‌లు అని టార్గెట్ ఉంటుంది. క్వాలిటీ సాధారణంగా 95 శాతం అడుగుతారు. ఫ్లోర్ మీదికి ఫోన్, పెన్ను, కాగితం తీసుకెళ్లనివ్వని చోట్లు చాలా. 1996 నాటి హిపా చట్టం ప్రకారం పేషెంటు సమాచారం బయటికి పొక్కకూడదు కాబట్టి ఆ కట్టుబాట్లు. ఎక్కువగా పగటి షిఫ్టే ఉంటుంది, ఇంట్లోవాళ్లకు నచ్చేది కూడా అదే. మాటలు తక్కువ, చదవడం ఎక్కువ. అనాటమీ మీద ఇష్టం ఉండి, గంటల తరబడి స్క్రీన్ ముందు విసుగు లేకుండా చదవగలిగేవాళ్లకు దీన్ని మించింది లేదు. కొన్ని కంపెనీలు లైఫ్ సైన్సెస్ డిగ్రీ ఉంటేనే ఇంటర్వ్యూకు పిలుస్తాయి, అది ముందే కనుక్కోండి.

ఏఆర్ కాలింగ్: దీన్ని తక్కువగా చూడకండి

కోడింగ్ రానివాళ్లు వెళ్లే ఉద్యోగం అన్నట్టు ఏఆర్ కాలింగ్ గురించి మాట్లాడతారు. నాకది అస్సలు నచ్చదు. డాక్టర్ ఆఫీసుకు నిజంగా డబ్బు తెచ్చిపెట్టేది ఈ బల్లే.

పని స్వరూపం ఇది. ఒక పేషెంటు బీపీ చెకప్‌కు వచ్చాడు. అదే రోజు చెవిలో గట్టిపడ్డ గులిమిని డాక్టర్ పరికరంతో తీశారు. క్లెయిమ్‌లో (ఇన్సూరెన్స్‌కు పంపే బిల్లులో) విజిట్‌కు 99213, చెవి పనికి 69210 రెండూ వెళ్లాయి. ఇన్సూరెన్స్ చెవి పనికి డబ్బిచ్చి, విజిట్‌ను సీఓ-97 అని తిప్పికొట్టింది. అంటే దీని డబ్బు దాంట్లోనే కలిసి ఉందని వాళ్ల వాదన. పని తెలిసిన ఏఆర్ మనిషి వెంటనే ఫోన్ ఎత్తడు. ముందు నోట్ తెరుస్తాడు. బీపీ కోసం డాక్టర్ విడిగా పరీక్షించి, విడిగా నిర్ణయం తీసుకున్నట్టు ఉందా? ఉంటే విజిట్ కోడ్‌కు 25 అనే మాడిఫయర్ (అదే రోజు విజిట్ విడిగా జరిగిందని చెప్పే గుర్తు) ఉండాల్సింది, అది పడలేదు. కోడింగ్ టీమ్‌తో సరిచేయించి, ప్రైవేటు ఇన్సూరెన్స్ అయితే ఫారం 22వ గడిలో 7 వేసి, పాత క్లెయిమ్ నంబరు ఇచ్చి సవరించిన క్లెయిమ్ పంపుతారు. నోట్‌లో ఆ ఆధారం లేకపోతే? డబ్బు వస్తుంది కదా అని 25 తగిలించడం మోసం కిందికి వస్తుంది. వదులుకోవాలి. ఈ తేడా తెలిసిన ఏఆర్ వాళ్లకు ఏ ఆఫీసులోనైనా గౌరవం ఉంటుంది.

సీఓ-16 అంటే సమాచారం లోపించింది లేదా తప్పుగా ఉంది. సీఓ-29 అంటే గడువు దాటింది. పీఆర్-1 అంటే అది డిడక్టిబుల్, పేషెంటే కట్టాలి, ఇన్సూరెన్స్‌తో వాదించి లాభం లేదు. గడువు విషయంలో అమెరికా ప్రభుత్వ ఇన్సూరెన్స్ మెడికేర్ అయితే సేవ జరిగిన రోజు నుంచి ఏడాది ఇస్తుంది. ప్రైవేటు కంపెనీల్లో ఒప్పందాన్నిబట్టి అంతకంటే చాలా తక్కువ ఉండొచ్చు. అందుకే ఏ క్లెయిమ్ ముందు ముట్టుకోవాలో తెలియడమే సగం పని.

కష్టం ఎక్కడంటే రాత్రిపూట. న్యూయార్క్‌లో ఉదయం ఎనిమిదంటే మనకు సాయంత్రం అయిదున్నర, చలికాలంలో ఆరున్నర. అక్కడ ఆఫీసులు తెరిచి ఉండే వేళే మీ పని వేళ. హోల్డ్‌లో పెట్టి నిమిషాల తరబడి సంగీతం వినిపిస్తారు. అవతలి మనిషి విసుక్కున్నా మీరు విసుక్కోకూడదు. కాల్ అయ్యాక రిఫరెన్స్ నంబరు, మాట్లాడినవాళ్ల పేరు, ఏమన్నారన్నది రాసుకోకపోతే ఆ కాల్ చేయనట్టే. ఇంగ్లీషు ఉచ్చారణ గురించి మరీ టెన్షన్ పడనక్కర్లేదు. స్పష్టంగా, నెమ్మదిగా మాట్లాడగలిగితే చాలు. బీకాం, బీఏ చదివినవాళ్లకు కూడా ఇక్కడ దారి ఉంది. నిద్ర తేడా అయితే ఆరోగ్యం దెబ్బతినేవాళ్లు, చిన్నపిల్లలున్న తల్లులు మాత్రం క్యాబ్ ఏర్పాటు, షిఫ్ట్ వేళలు రాతపూర్వకంగా తెలుసుకున్నాకే ఒప్పుకోవాలి.

సొంత ఊళ్లోనే ఉండాలంటే

హైదరాబాద్ వెళ్లే వీల్లేనివాళ్లు, వెళ్లడం ఇష్టంలేనివాళ్లు మూడోదాన్ని అసలు లెక్కలోకే తీసుకోరు. కరీంనగర్, వరంగల్, గుంటూరు, రాజమండ్రి, కర్నూలు, ఎక్కడైనా సరే, కాస్త పెద్ద ఆస్పత్రి ఉంటే ఇన్సూరెన్స్ డెస్క్ ఉంటుంది. ఇక్కడ సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్‌తో పెద్దగా పనిలేదు. పాలసీ చదవడం రావాలి, డిశ్చార్జ్ సమ్మరీ చదవడం రావాలి, తెలుగులో ఓపికగా చెప్పడం రావాలి.

పేషెంటు చేరగానే ప్రీ ఆథ్ (ముందస్తు అనుమతి) ఫారం. డాక్టర్ రాయాల్సిన భాగం, ఖర్చు అంచనా, గుర్తింపు కార్డు, పాలసీ నంబరు. అవతల టీపీఏ (ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున క్లెయిమ్‌లు చూసే సంస్థ) ఉండొచ్చు, నేరుగా ఇన్సూరెన్స్ కంపెనీయే ఉండొచ్చు. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలో జవాబివ్వాలి, డిశ్చార్జ్ రోజు ఆస్పత్రి అనుమతి కోసం పంపిన మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి. ఆస్పత్రి నుంచి సగం కాగితాలు వెళ్తే మాత్రం క్వెరీ వస్తుంది, పేషెంటు మంచం మీదే ఉండిపోతాడు. 'జ్వరం ఎప్పటి నుంచి?', 'షుగర్ ఎన్నేళ్లుగా ఉంది?' అని తిరిగి వచ్చే ప్రశ్నలను ముందే ఊహించి డాక్టర్ దగ్గర రాయించుకునేవాళ్లే ఈ బల్ల మీద పనిమంతులు.

గది అద్దె గురించి ఒక్క ఉదాహరణ చెప్తాను, ఎందుకంటే గొడవలు ఎక్కువగా దీని మీదే. పాలసీలో గదికి రోజుకు 5,000 పరిమితి ఉంది. బంధువులు 8,000 గది తీసుకున్నారు. పోయేది రోజుకు 3,000 మాత్రమే అనుకుంటారు. చాలా పాలసీల్లో డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్ లాంటి గదితో ముడిపడ్డ ఖర్చులను కూడా అదే నిష్పత్తిలో కోస్తారు. అలాంటి ఖర్చులు 1,60,000 ఉంటే 1,00,000 మాత్రమే వస్తుంది. మిగతా 60,000 జేబులోంచే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ కోత వేయకూడదు, ఐసీయూ ఖర్చు మీద కూడా వేయకూడదు. చేరిన రోజే ఈ మాట చెప్పిన ఉద్యోగి ఒక కుటుంబానికి ఎంత మేలు చేసినట్టో చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వ పథకాల బల్ల దీనికి కాస్త వేరు. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ ఇప్పుడు తెలంగాణలో అదే పేరుతో, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ప్యాకేజీ రేట్లు ముందే స్థిరంగా ఉంటాయి, ఫొటోలు, రిపోర్టులు ఆధారాలుగా పెట్టాలి. నర్సింగ్ చదివినవాళ్లు, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ చేసినవాళ్లు ఇక్కడ త్వరగా కుదురుకుంటారు. మొదట్లో జీతం తక్కువే. కానీ ఇంటి అద్దె, హాస్టల్ ఖర్చు తీసేసి లెక్క వేసుకోండి. హైదరాబాద్ ఉద్యోగానికీ దీనికీ తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు.

ఏ పరీక్ష రాయాలి

డాక్టర్ ఆఫీసు కోడింగ్ అంటే అమెరికా సంస్థ ఏఏపీసీ వాళ్ల సీపీసీ. 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, 70 శాతం రావాలి. పుస్తకాలు చూసి రాసే పరీక్షే, అయినా తప్పేవాళ్లు చాలామంది, ఎందుకంటే ఒక్కో ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా ఉండదు. పుస్తకంలో ఏది ఎక్కడుందో చేతికి తెలిసేదాకా సాధన చేయాలి. అనుభవం లేకుండా పాసైతే పేరు చివర 'ఏ' అనే అక్షరం తగిలిస్తారు, అంటే అప్రెంటిస్. పని అనుభవం చూపించాక తీసేస్తారు. దాన్ని చూసి కుంగిపోవద్దు, ఫ్రెషర్లందరికీ ఉండేదే.

ఆస్పత్రిలో చేరిన పేషెంట్ల కోడింగ్ మీద ఆసక్తి ఉంటే మరో అమెరికా సంస్థ అహిమా వాళ్ల సీసీఎస్, ఏఏపీసీ వాళ్ల సీఐసీ ఉన్నాయి. అవి మొదటి మెట్టుగా పెట్టుకోవద్దని నా సలహా. బిల్లింగ్ వైపు వెళ్లేవాళ్లకు సీపీబీ ఉంది. అయితే మన దగ్గర ఏఆర్ ఉద్యోగం సర్టిఫికెట్ లేకుండానే వస్తుంది, కాబట్టి చేరాక కంపెనీ ఖర్చు పెట్టుకుంటానంటే అప్పుడు రాయొచ్చు.

ఇన్‌స్టిట్యూటా, సొంతంగానా, కంపెనీ ట్రైనింగా? ఫ్రెషర్లను తీసుకుని జీతమిస్తూ నేర్పే కంపెనీ దొరికితే కళ్లకు అద్దుకుని చేరండి, బాండ్ ఉంటే ఎన్నేళ్లో చదువుకుని. అది దొరక్కపోతే ఇన్‌స్టిట్యూట్. అక్కడ చూడాల్సినవి గోడమీద ఫొటోలు కావు. ఈ ఏడాది కోడ్ పుస్తకాలతో చెప్తున్నారా? ఐసీడీ కోడ్లు ఏటా అక్టోబర్ 1న, సీపీటీ జనవరి 1న మారతాయి. పాత పీడీఎఫ్‌లతో నెట్టుకొచ్చే చోట కట్టిన ఫీజు వృథా. పేర్లు తీసేసిన నిజమైన చార్ట్‌లు చేయిస్తారా, ప్రశ్నల బ్యాంకు మాత్రమేనా? పరీక్ష ఫీజు, సభ్యత్వం, పుస్తకాలు కలిపేనా? ఒక క్లాసు కూర్చుని వినడానికి ఒప్పుకోనివాళ్లకు డబ్బు కట్టొద్దు. 'లక్ష కడితే ఉద్యోగం గ్యారంటీ', 'రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే ఇస్తాం' అనేవాళ్ల దగ్గరికి అసలు పోవద్దు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో దొరికిపోతే ఆ ఉద్యోగమే కాదు, ఆ రంగమే దూరమవుతుంది.

సొంతంగా నేర్చుకోవడం నర్సులకూ, ఫార్మసీ వాళ్లకూ సాధ్యమే. మిగతావాళ్లకు అనాటమీ దగ్గరే బండి ఆగుతుంది.

ఇంకో మాట. చార్ట్ చదివి కోడ్ సూచించే సాఫ్ట్‌వేర్లు వచ్చేశాయి, ఎక్స్‌రే రిపోర్టుల్లాంటి తేలికైన వాటిని ముందు అవే తీసుకుంటున్నాయి. అందుకని కోడింగ్ ఎంచుకున్నవాళ్లు తాము చేసిన క్లెయిమ్ ఎందుకు తిరిగొచ్చిందో కూడా నేర్చుకోవాలి. ఏఆర్ వాళ్లు గైడ్‌లైన్స్ చదవాలి. ఆడిట్, డినయల్ విశ్లేషణ లాంటి పనులు రెండువైపులా తెలిసినవాళ్ల చేతికే వస్తాయి.

అమెరికాలో ఉన్న మన ఆడపడుచులకు

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి జీవిత భాగస్వామికి ఇచ్చే) వీసా మీద వెళ్లినవాళ్లలో చాలామంది ఈ కోర్సు గురించి అడుగుతుంటారు. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పరీక్షా రాయొచ్చు. జీతానికి పని చేయాలంటే ఈఏడీ (పని అనుమతి) కార్డు ఉండాలి. 2015 నుంచి భర్తకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ పెట్టే పిటిషన్) ఆమోదం వచ్చిన కుటుంబాల్లో భార్యకు, లేదా భార్యకు వచ్చి ఉంటే భర్తకు, అది తీసుకునే వీలుంది. కార్డు ఎప్పుడొస్తుందో లెక్క చూసుకుని, దానికి కాస్త ముందు పరీక్ష పెట్టుకోండి. చాలా ముందు రాసేస్తే సర్టిఫికెట్ నిలబెట్టుకోవడానికి సభ్యత్వం, రెండేళ్లకు 36 సీఈయూలు (చదువు కొనసాగిస్తున్నట్టు చూపే పాయింట్లు) అంటూ ఖర్చు నడుస్తూనే ఉంటుంది, చేతికి అనుభవమేమో రాదు.

అక్కడి చిన్న డాక్టర్ ఆఫీసుల్లో కోడింగ్‌కు ఒకరు, బిల్లింగ్‌కు ఒకరు ఉండరు. ఒకే మనిషి పొద్దున ఇన్సూరెన్స్ చెల్లుబాటు చూసి, మధ్యాహ్నం కోడ్లు వేసి, సాయంత్రం డినయల్స్ పట్టుకుంటుంది. కాబట్టి వాళ్లకు నేను ఒక్క సీపీసీ చాలనను. సీపీసీతో పాటు బిల్లింగ్ కూడా చెప్పే కమ్యూనిటీ కాలేజీ కోర్సు దగ్గర్లో ఉంటే అదే మేలు, కొన్ని కాలేజీలు ఆఫీసులో ఎక్స్‌టర్న్‌షిప్ (పని నేర్చుకునే అవకాశం) కూడా ఇప్పిస్తాయి. ఆ ఎక్స్‌టర్న్‌షిప్ మీ వీసా మీద చేయొచ్చో లేదో ఇమిగ్రేషన్ లాయరును అడిగాకే చేరండి.

ఎక్కడున్నవాళ్లైనా ఫీజు కట్టేముందు ఒక పని చేయొచ్చు. ఐసీడీ-10-సీఎం అధికారిక గైడ్‌లైన్స్ వంద పేజీలు దాటిన పీడీఎఫ్. అమెరికా ప్రభుత్వ సంస్థలైన సీఎంఎస్, సీడీసీ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతుంది. సీపీటీ అలా దొరకదు, దాని హక్కులు అమెరికన్ మెడికల్ అసోసియేషన్‌వి. ఆ గైడ్‌లైన్స్‌లో షుగర్, బీపీ భాగాలు తీసి వరుసగా రెండు మూడు సాయంత్రాలు చదవండి. పైన చెప్పిన చార్ట్‌కు ఈ11.9 ఎందుకు కాదో మీకు మీరుగా ఆ పేజీల్లో పట్టుకోగలిగితే కోడింగ్ క్లాసుకు ధైర్యంగా వెళ్లండి. పది నిమిషాలకే ఆవలింతలు వస్తే, ఏఆర్ ఇంటర్వ్యూకో దగ్గర్లోని ఆస్పత్రి ఇన్సూరెన్స్ డెస్క్‌కో దరఖాస్తు పెట్టండి.